సూది బెజ్జమంత సందులోంచి గురి: .22 రైఫిల్‌కు పీప్ సైట్ ఎంచుకోవడం

గోడ మీది క్యాలెండర్‌లో తిథి, వర్జ్యం వేసే చిన్న అక్షరాలు మసకబారేంత దూరంలో నిలబడండి. కళ్లజోడు ఉంటే తీసేయండి. గుప్పిట బిగించి, అందులో సూది దూరేంత సందు మాత్రం వదిలి, ఆ సందులోంచి ఒక కంటితో చూడండి. వెలుతురు తగ్గుతుంది గాని అక్షరం తేటపడుతుంది. మా తాతగారు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన రోజున ఎరువు బస్తా మీది రాతను ఇలాగే చదివేవారు. చిన్న రంధ్రం కంట్లోకి వెళ్లే వెలుతురును సన్నని పాయగా చేస్తుంది. పక్కలనుంచి వచ్చి మసక తెచ్చే కిరణాలు ఆగిపోతాయి. దగ్గరిదీ దూరందీ రెండూ ఒకేసారి చాలావరకు తేటగా కనబడతాయి.

టార్గెట్ రైఫిల్ వెనక సైట్‌లో, అంటే గురి చూసే పరికరంలో, ఉండేది ఆ సందే. దాన్ని కొందరు పీప్ సైట్ అంటారు, కొందరు డయాప్టర్ అంటారు. 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చినా, 2024 పారిస్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) స్వప్నిల్ కుసాలెకు కాంస్యం వచ్చినా ఇద్దరూ చూసింది ఇలాంటి రంధ్రంలోంచే. ఆ పోటీల్లో టెలిస్కోప్‌కు చోటు లేదు.

ఈమధ్య రావులపాలెం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎన్‌సీసీలో .22 (బారెల్ రంధ్రం సుమారు .22 అంగుళం) డీలక్స్ రైఫిల్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు ఒక క్లబ్బులో పాత టార్గెట్ రైఫిల్ పడుతున్నాడు. "ఏ సైట్ కొనమంటారండీ? బొమ్మల్లో చూస్తే అన్నీ ఒకలాగే ఉన్నాయండి" అన్నాడు. అరగంట మాట్లాడాక కూడా నాకు తృప్తి కలగలేదు. ఇంట్లో వాళ్లు కొబ్బరి దింపు డబ్బుల్లోంచి పక్కన పెట్టి ఇచ్చిన మొత్తాన్ని అతను వెనక సైట్ కంపెనీ పేరు మీద ఖర్చుపెట్టబోతున్నాడు. అతని పాయింట్లు పోతున్నది మాత్రం ముందు సైట్‌లో ఉన్న చిన్న రింగ్ దగ్గర. అతనికి ఫోన్‌లో పూర్తిగా చెప్పలేకపోయినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు టార్గెట్ ఎంతదో చూద్దాం. అంతర్జాతీయ 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మి.మీ. అంటే చొక్కా గుండీ అంత. అక్కణ్నుంచి ఒక్కో వలయం 8 మి.మీ. చొప్పున బయటికి జరుగుతుంది. కంటికి కనబడే నల్ల చుక్క మొత్తం 112.4 మి.మీ. ఉంటుంది. 50 మీటర్ల దూరంలో గుండీ కనబడదు. కనబడేది ఆ నల్ల చుక్కే. గుండీ సరిగ్గా దాని మధ్యలో ఉందన్న నమ్మకంతో కాలుస్తాం.

ఇప్పుడు రైఫిల్ వైపు రండి. వెనక సైట్‌కూ ముందు సైట్‌కూ మధ్య దూరం 800 మి.మీ. అనుకుందాం. రంధ్రం మధ్యకు ముందు సైట్ రాకుండా 0.1 మి.మీ. పక్కకు జరిగిందనుకోండి, అంటే నోటు పుస్తకం కాగితం మందం. ఆ తప్పు 50 మీటర్ల దగ్గర అరవై రెండు రెట్లు పెరిగి 6 మి.మీ. పైచిలుకు అవుతుంది. పది అంచున పడాల్సిన తూటాను తొమ్మిదిలోకి నెట్టడానికి అది చాలు. అదే, రెండు సైట్లూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా ఉండి, చెయ్యి కదిలి రైఫిల్ మొత్తం నల్ల చుక్క మీద 6 మి.మీ. పక్కన నిలిచిందనుకోండి, తప్పు కూడా ఆ 6 మి.మీ. దగ్గరే ఆగుతుంది. ఆ తప్పు పెరగదు. టార్గెట్ మీద వణుకు కనబడుతుంది కాబట్టి దానికి భయపడతాం. సైట్ల మధ్య తేడా కనబడదు కాబట్టి దాన్ని వదిలేస్తాం. నష్టం మాత్రం రెండోదానితోనే ఎక్కువ.

మామూలు తుపాకీకి ఉండే గాడి సైట్‌లో కంటికి మూడు పనులు పడతాయి: వెనక గాడి, ముందు ముల్లు, దూరాన టార్గెట్. కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే తేటగా చూడగలదు. పీప్ సైట్ ఆ మూడింటిలో ఒకదాన్ని తీసేస్తుంది. వెనక రంధ్రాన్ని మనం చూడం, దానిలోంచి చూస్తాం. అది కంటి ముందు మసక అంచుగా మిగులుతుంది. ఆ గుండ్రని మసక మధ్యకు ముందు సైట్ గొట్టాన్ని కన్ను తనంతట తనే తెచ్చుకుంటుంది. వృత్తంలో వృత్తాన్ని మధ్యకు చేర్చడం కంటికి పుట్టుకతో వచ్చిన నేర్పు. అయినా ఆ సాయానికి హద్దుంది. చెంప ఒకసారి ఒక చోట, మరోసారి మరో చోట ఆనితే ఏ రంధ్రమూ కాపాడదు. అందుకే వెనక సైట్ ఎత్తు మెడ వంచకుండా, చూపు నిటారుగా దూరేలా ఉండాలి. చాలా టార్గెట్ రైఫిళ్ల పైన 11 మి.మీ. పట్టా ఉంటుంది. ఎత్తు చాలకపోతే ఆ పట్టా మీద ముందూ వెనకా సమానంగా ఎత్తు దిమ్మలు వేసుకోవచ్చు. పొడవైన మెడ ఉన్న పిల్లలకు ఇది చాలాసార్లు కొత్త సైట్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ముందు రింగే ముందు

ముందు సైట్ అంటే ఒక చిన్న గొట్టం, అందులో ఒక రింగ్. ఆ రింగ్ నడుమ నల్ల చుక్క, చుట్టూ తెల్లని వలయం. గురి అంతా ఆ తెలుపు అన్ని వైపులా సమానంగా ఉందా లేదా అన్నదే.

నల్ల చుక్క రింగ్ దగ్గర ఎంత కనబడుతుందో లెక్క కట్టొచ్చు. 112.4 మి.మీ.ను 50,000 మి.మీ.తో భాగించి, కంటి నుంచి రింగ్‌కు ఉన్న దూరంతో గుణించండి. సైట్ల మధ్య 800, కంటికీ వెనక సైట్‌కూ మధ్య 60, మొత్తం 860 మి.మీ. అయితే చుక్క సుమారు 1.9 మి.మీ.గా కనబడుతుంది. 2.4 మి.మీ. రింగ్ పెడితే చుట్టూ మిగిలే తెలుపు పావు మి.మీ. మాత్రమే. 3.6 రింగ్ పెడితే ముప్పావుకు పైన.

చిన్న రింగ్ పెడితే గురి బిగువుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం 2.8 రింగ్‌తోనే కాల్చాను. రింగ్ అంచు నలుపు, చుక్క నలుపు. ఏ కంట్లోనైనా అంచులు కాస్త మసకగానే పడతాయి. మధ్య తెలుపు సన్నగా ఉంటే రెండు మసకలూ కలిసిపోయి బూడిదరంగు పొర అవుతుంది. ఇక ఎటువైపు ఎక్కువ తెలుపు ఉందో కంటికి తెలియదు. దానికి తోడు రైఫిల్ కాస్త కదలగానే చుక్క రింగ్‌ను తాకుతుంది. తాకగానే వేలు ఆగిపోతుంది. "ఇంకొంచెం నిలవనీ" అని ఊపిరి బిగపట్టి, కన్ను అలసి, చివరికి టెన్షన్‌లో ట్రిగ్గర్ లాగేస్తాం. నా తొమ్మిదుల్లో సగం అలా పడ్డవే. రింగ్ 3.6కు మార్చిన వారానికే గుంపు, అంటే టార్గెట్ మీద తూటాలు పడ్డ చోటు, చిన్నదైంది. అప్పటికి నా పట్టు ఏమీ మారలేదు, వేలు మాత్రం వేళకు కదిలింది.

మరీ పెద్ద రింగ్‌తో కూడా ఇబ్బందే. చుక్క ఖాళీలో ఈదుతున్నట్టు ఉంటుంది, మధ్య ఎక్కడో పట్టు దొరకదు. తెలుపు మందం చుక్క అడ్డకొలతలో మూడో వంతుకు తగ్గకుండా, చుక్క అంతకు మించకుండా ఉండే రింగులు నాలుగైదు తీసుకుని వరుసగా ప్రయత్నించమంటాను. పైన చెప్పిన రైఫిల్‌కు 3.4, 3.6, 3.8, 4.0 అలా. పడుకుని కాల్చేటప్పుడు రైఫిల్ నిలకడగా ఉంటుంది కాబట్టి కొంచెం చిన్నది సరిపోతుంది. నిలబడి కాల్చేటప్పుడు ఊగు ఎక్కువ, పెద్దదే మంచిది. ఎటూ తేల్చుకోలేకపోతే రెండింటిలో పెద్దదాన్ని తీసుకోండి.

50 మీటర్ల రేంజ్‌కు వెళ్లే అవకాశం మన పిల్లల్లో చాలామందికి తరచుగా దొరకదు. రింగ్ ఎంపికకు రేంజ్ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద 22.5 మి.మీ. నల్ల చుక్క గీసి, మంచి వెలుతురు పడే గోడకు అంటించి, సరిగ్గా 10 మీటర్ల దూరంలో కూర్చోండి. కంటికి అది 50 మీటర్ల దగ్గరి 112.4 మి.మీ. చుక్క అంతే కనబడుతుంది. ఖాళీ రైఫిల్ అని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, క్లబ్బు అనుమతించిన చోట గంటసేపు ఒక్కో రింగ్‌తో గురి చూడండి. ఏ రింగ్‌తో చూసినప్పుడు "ఇప్పుడు" అని మనసు తొందరగా అంటుందో రాసుకోండి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక కాగితం.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చేవాళ్లు అదే రింగ్‌ను .22కు తెచ్చుకోవడం తరచుగా చూస్తుంటాను. ఎయిర్ టార్గెట్‌లో నలుపు 30.5 మి.మీ., దూరం 10 మీటర్లు. కంటికి అది 50 మీటర్ల చుక్క కన్నా మూడో వంతు పెద్దగా కనబడుతుంది. దానికి సరిపోయిన 4.2 రింగ్ ఇక్కడ వదులుగా అనిపించవచ్చు. బారెల్ చివర పొడిగింపు గొట్టం తగిలించినా లెక్క మారుతుంది. కంటికీ రింగ్‌కూ దూరం 860 నుంచి 1050 అయితే, 3.6 రింగ్ ఇచ్చిన చిత్రమే కావాలంటే ఇప్పుడు 4.4 రింగ్ కావాలి. సైట్ల మధ్య దూరం పెరిగితే అమరికలో పొరపాటు తక్కువ రెట్లు పెరుగుతుంది, అది లాభం. బారెల్ ముందు బరువు పెరుగుతుంది, అది పదిహేనేళ్ల పిల్లల భుజానికి భారం. పొడిగింపును నేను ముందే కొనమనను.

గొట్టాల్లో ఎక్కువగా దొరికేవి 18, 22 (మి.మీ.) అనే రెండు సైజులు. 22 గొట్టం లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది, చుట్టుపక్కల ఏ నంబరు టార్గెట్ మీద గురి పెట్టామో కూడా తెలుస్తుంది. కానీ 18 రింగులు 22లో పట్టవు. కొనేముందు మీ గొట్టం ఏదో చూసుకోండి, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రింగులు లోహానివీ ఉంటాయి, పారదర్శకమైన ప్లాస్టిక్‌వీ ఉంటాయి. లోహపు రింగ్‌కు అడ్డంగా ఉండే సన్నని పట్టీలు రైఫిల్ పక్కకు ఒరిగితే పట్టిస్తాయి కాబట్టి మొదలుపెట్టేవాళ్లకు అదే మంచిదని నా అభిప్రాయం. సైజు తిప్పి మార్చుకునే రింగ్ ఖరీదెక్కువ. కాని మీ సైజు ఏదో తెలియనప్పుడు, క్లబ్బులో పదిమంది కలిసి ఒకటి కొనుక్కుంటే అందరికీ దారి చూపుతుంది.

వెనక రంధ్రం, మన వెలుతురు

వెనక రంధ్రం మామూలుగా 1.0 నుంచి 1.2 మి.మీ. మధ్య ఉంటుంది. మంచి ఎండలో మన కంటిపాప రెండు మి.మీ.కు కాస్త అటూఇటూగా ముడుచుకుంటుంది కాబట్టి అంతకన్నా చిన్న రంధ్రమే పనిచేస్తుంది. తేటగా ఉంటుంది కదా అని 0.7కు తగ్గిస్తే అసలుకే మోసం వస్తుంది. మరీ చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుతురు విరజిమ్ముకుని బొమ్మ మళ్లీ మసకబారుతుంది, చీకటీ పెరుగుతుంది. మరీ పెద్దదైతే చూపు మధ్యలో ఉందా లేదా కంటికి తెలియదు.

డెల్టాలో వెలుతురు నిలకడగా ఉండదు. నాట్లు వేసిన రోజుల్లో చుట్టూ నీళ్లు నిలిచిన చేలు, భీమవరం వైపు చెరువులు, కాలువలు, అన్నీ అద్దాల్లా కిందినుంచి వెలుతురు కొడతాయి. వర్షాకాలంలో ఐదు నిమిషాలకో మబ్బు. ఆరుబయట రేంజ్‌లో 60 తూటాల పోటీ ముగిసేలోపు నాలుగు రకాల వెలుతురు చూస్తాం. అందుకే తిప్పి సైజు మార్చుకునే ఐరిస్ ఇక్కడివాళ్లకు నిజంగా అవసరం. మంచి రంధ్రాల బిళ్లలు వేర్వేరుగా కొని మ్యాచ్ మధ్యలో మార్చడం కన్నా అది నయం. 0.5 నుంచి 3.0 వరకు తిరిగే ఐరిస్‌లు దొరుకుతాయి, మనకు కావలసింది 0.9 నుంచి 1.5 వరకే. మబ్బు పట్టగానే కొంచెం తెరవండి, ఎండ రాగానే కొంచెం మూయండి. లక్ష్యం ఒక్కటే, తెల్ల వలయం ఎప్పుడూ ఒకే తెలుపుగా కనబడటం.

ఐరిస్ చేతికి రాగానే ఒక పరీక్ష చేయాలి. చౌకరకాల్లో రేకులు మూసుకునేటప్పుడు రంధ్రం మధ్యనుంచి పక్కకు జరుగుతుంది. రైఫిల్‌ను ఇసుక బస్తాల మీద కదలకుండా పెట్టి, ఐరిస్ 1.0 దగ్గర ఐదు, 1.5 దగ్గర ఐదు తూటాలు కాల్చండి. రెండు గుంపుల మధ్య చోటు మారితే దాన్ని తిరిగి ఇచ్చేయండి.

వెలుతురు పెరిగితే సైట్ పెంచు, తగ్గితే తగ్గించు అని షూటర్లలో పాత మాట ఉంది. ఆ మార్పు ఒక్కో కంటికి ఒక్కోలా ఉంటుంది కనుక మీ గుంపులు మబ్బులో ఎటు పోతున్నాయో మీరే రాసుకోవాలి. మధ్యాహ్నం ఎండమావుల్లో చుక్క నీళ్లలో తేలినట్టు ఊగుతుంది. దానికి ఏ సైటూ మందు కాదు, కాసేపు ఆగాలి, లేదా ఊగు ఒకేవైపు ఉన్నప్పుడే కాల్చాలి. మెరుపు ఎక్కువగా ఉంటే పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) పనికొస్తుంది. రంగు ఫిల్టర్లు మాత్రం కొందరి కళ్లకే నప్పుతాయి, అరువు తెచ్చుకుని చూశాకే కొనండి.

కంటికీ వెనక సైట్‌కూ మధ్య దూరం గురించి ఒక్కమాట. .22 రిమ్‌ఫైర్ రకం, అంటే తూటా అడుగు అంచులో నిప్పు రాజేసే మందు ఉండి, పిన్ ఆ అంచును కొట్టగానే పేలేది. దాని తన్ను (పేలినప్పుడు వెనక్కి నెట్టే దెబ్బ) చాలా తక్కువ. కాబట్టి కంటికి ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గరికి సైట్ తెచ్చుకోవచ్చు. దగ్గరైతే రంధ్రంలో ముందు గొట్టం చుట్టూ కనబడే వెలుతురు వలయం వెడల్పవుతుంది, దూరమైతే సన్నబడుతుంది. గొట్టం చుట్టూ సన్నని, కానీ స్పష్టమైన వెలుతురు గీత కనబడే దూరం మంచిది. ఆ గీత సమానంగా ఉంటే రెండు సైట్లూ కుదిరినట్టే. ఇందాక చెప్పిన అరవై రెండు రెట్ల తప్పును పట్టించేది ఆ గీతే. రెండో కన్ను మూయకండి. దాని ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి వేలాడదీస్తే చాలు. కన్ను బిగించి మూస్తే గురి చూసే కంటి చుట్టూ కండరాలూ లాగుతాయి.

ఇప్పుడు ఆ కుర్రాడు అడిగిన వెనక సైట్. అన్షుట్జ్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, సెంట్రా, గేమన్ పేర్లు అందరూ చెబుతారు, అన్నీ మంచి పనితనమే. ఆ పెట్టెలో మనం కొనేది రెండు స్క్రూల నిజాయితీ: ఒకటి పక్కలకు, ఒకటి పైకీ కిందికీ. ఒక క్లిక్‌కు తూటా ఎంత జరగాలో అంతే జరగాలి, వెనక్కి తిప్పితే ఉన్నచోటికే రావాలి. పావు మినిట్ (మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్ అంటే 50 మీటర్ల దగ్గర సుమారు 3.6 మి.మీ., అంటే దాదాపు సగం వలయం. అంతకన్నా ముతకగా ఉంటే పది మధ్యకు రావడం కష్టం. మరీ సన్నగా ఉంటే గాలి మారినప్పుడు తిప్పడానికే సమయం పోతుంది. రెండు నుంచి నాలుగు మి.మీ. మధ్య ఏదైనా హాయిగా వాడుకోవచ్చు.

స్క్రూల నిజాయితీని చదరం కాల్చి తెలుసుకోవాలి. ఆసరా మీద రైఫిల్ పెట్టి ఐదు కాల్చండి. ఇరవై క్లిక్‌లు కుడికి తిప్పి ఐదు, ఇరవై పైకి తిప్పి ఐదు, ఇరవై ఎడమకు, చివరగా ఇరవై కిందికి. గురి మాత్రం ఎప్పుడూ అదే చుక్క మీద. నాలుగు మూలలూ చదరంగా వచ్చి, ఆఖరి గుంపు మొదటి గుంపు మీదే పడితే ఆ సైట్ ఎంత పాతదైనా కొత్తదాని సాటి. పడకపోతే స్క్రూలో వదులు ఉన్నట్టు. తూటాలు పొదుపు చేయాలంటే ఊళ్లో లేత్ షాపులో డయల్ గేజ్ ఆనించి చూడొచ్చు. సైట్ ఎంత జరిగిందో అది అక్కడికక్కడే చెబుతుంది. ఇంకో జాగ్రత్త. కొన్ని సైట్ల మీద బాణం గుర్తు తూటా ఎటు జరుగుతుందో చెబుతుంది. కొన్ని జర్మన్ సైట్ల మీది అక్షరాలు తూటా ఎటు పడితే నాబ్ ఎటు తిప్పాలో చెబుతాయి. రెండూ ఒకదానికొకటి తలకిందులు. చేతికి రాగానే పది క్లిక్‌లు తిప్పి కాల్చి, ఏది ఎటో కాగితం మీద రాసి పెట్టెలో అతికించుకోండి. ముందు సైట్ కన్నా వెనకది 50 మీటర్లకు సుమారు రెండు మూడు మి.మీ. ఎత్తులో ఉండాల్సి వస్తుంది, తూటా దారిలో 13 సెంటీమీటర్ల దాకా దిగుతుంది కాబట్టి. వేర్వేరు కంపెనీల సైట్లు కలిపేవాళ్లు ఈ ఎత్తు దొరుకుతుందో లేదో ముందే కొలవాలి.

నలభై దాటినవాళ్ల సమస్య వేరు. రింగే మసకబారుతుంది. రంధ్రం చిన్నది చేస్తే కొంత సర్దుకుంటుంది గాని వెలుతురు పోతుంది. రింగ్ కంటికి మీటరుకు కాస్త లోపల ఉంది, టార్గెట్ చాలా దూరాన ఉంది. రెంటికీ మధ్యస్థంగా చూపు నిలవాలంటే దూరం చూసే అద్దం పవరుకు 0.5 కలిపితే సరిపోతుంది. కళ్లజోడు షాపులో "చదవడానికి కాదండీ, మీటరు దూరంలో రింగ్ చూడాలి" అని చెప్పి ఆ అద్దం పెట్టించుకుని చూడండి. మామూలు ఫ్రేమ్‌తో పడుకుని కాల్చేటప్పుడు అద్దం అంచులోంచి చూస్తాం, బొమ్మ వంకరపోతుంది. అద్దాన్ని చూపుకు నిటారుగా తిప్పుకునే షూటింగ్ ఫ్రేమ్ వేరుగా దొరుకుతుంది. ఈ వయసువాళ్లు కొత్త సైట్ కన్నా ముందు దీని మీదే ఖర్చుపెట్టాలి.

మన గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉన్నాయి. అంతర్వేది, కాకినాడ వైపు ఇళ్లల్లో సైకిలు గొలుసుకు పట్టే తుప్పే సైట్ లోపలి స్ప్రింగ్‌కూ పడుతుంది. పైన అల్యూమినియం మెరుస్తూనే ఉంటుంది, లోపల క్లిక్ బరువెక్కుతుంది. నురుగు పరిచిన పెట్టెలో నెలల తరబడి దాచకండి, ఆ నురుగు తేమను పట్టి ఉంచుతుంది. సిలికా జెల్ పొట్లాం వేసి, వారానికోసారి తీసి నాబ్‌లు చివరినుంచి చివరికి తిప్పండి. ఎన్ని క్లిక్‌లు తిప్పారో లెక్కపెట్టుకుని మళ్లీ మొదటి చోటికి తెచ్చుకోండి. ఏసీ కారులోంచి దిగగానే ఫిల్టర్ మీద ఆవిరి కమ్ముతుంది. పెట్టెను ఇరవై నిమిషాల ముందే నీడలో బయట పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

రావులపాలెం కుర్రాడికి చివరికి నేను చెప్పిన వరుస ఇది: నాలుగు రింగులు, ఒక ఐరిస్, ఎత్తు దిమ్మలు, ఆ తర్వాతే వెనక సైట్. పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. క్లబ్బు రైఫిల్ మీది పాత వెనక సైట్‌తో చదరం కాల్చాడట. ఆఖరి ఐదూ మొదటి ఐదింటి మీదే పడ్డాయి. 3.8 రింగ్ ఉంచుకున్నాడు, 3.4 తన తర్వాతి పిల్లవాడికి ఇచ్చేశాడు. మిగిలిన డబ్బుతో తూటాలు కొంటున్నాడు.